మాటలేని హాస్యం: అమెరికన్ మూకీ లఘుచిత్రాల్లో ఆంగికం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

శరీరచేష్ట వల్ల పుట్టే హాస్యాన్ని మాట వల్ల పుట్టే హాస్యం కంటె తక్కువగా చూసే అలవాటు సాహిత్య విమర్శలో బలంగా ఉంది. ఈ అలవాటుకు శాస్త్రాధారం ఉందా అన్న ప్రశ్నతో, 1916–1929 మధ్య అమెరికాలో వెలువడిన నాలుగు మూకీ లఘు హాస్యచిత్రాలను భరతుని హాస్యవివేచన వెలుగులో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ వివేచన ఏ మేరకు ఉపకరిస్తుందో, ఎక్కడ చాలదో కూడా సూచిస్తుంది.

కీలక పదాలు: ఆంగికం, అంగహాస్యం, స్లాప్‌స్టిక్, మూకీ చిత్రం, మాలారూపకం, హాస్య రౌద్రాలు.

ఉపోద్ఘాతం

తెలుగులో హాస్యచర్చకు కేంద్రం మాట. ‘కన్యాశుల్కం’లో గిరీశం వాగ్ధోరణి, పానుగంటివారి ‘సాక్షి’లో జంఘాలశాస్త్రి వాక్ప్రవాహం, మునిమాణిక్యంవారి కాంతం ఎత్తిపొడుపులు, భమిడిపాటివారి వాక్యవిన్యాసం – ఉదాహరణలు అడిగితే ముందుగా స్ఫురించేవి ఇవే. శ్లేష, చమత్కారం, వ్యంగ్యం, అధిక్షేపం వంటి పరిభాష కూడా ప్రధానంగా మాటను విశ్లేషించడానికి ఏర్పడినదే. శరీరం వల్ల పుట్టే హాస్యం దగ్గరికి వచ్చేసరికి ఈ పరిభాష పలచబడుతుంది. జారిపడడం, తన్నులు తినడం, టోపీ ఎగిరిపోవడం వంటివాటికి ‘మోటు హాస్యం’, ‘చౌకబారు హాస్యం’ అన్న మాటలు తప్ప మరో వివరణ దొరకదు. అవి వివరణలు కావు, తీర్పులు.

ఈ తీర్పు ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించడానికి అమెరికన్ మూకీ యుగపు లఘు హాస్యచిత్రాలు తగిన సామగ్రి. వాటిలో పాత్రల గొంతు వినిపించదు. మధ్యమధ్య వచ్చే అక్షరపు పలకలు కథను అందించడానికే గాని, చాలాసార్లు నవ్వించే భారం వాటి మీద ఉండదు. కనుక ఆంగికం ఒంటరిగా ఎంత దూరం వెళ్లగలదో ఇక్కడ స్పష్టంగా చూడవచ్చు.

1912లో మాక్ సెనెట్ నాయకత్వంలో ఏర్పడిన కీస్టోన్ సంస్థ లాస్ ఏంజెలెస్‌లోని ఈడెన్‌డేల్ నుంచి ఈ చిత్రాలను పెద్ద ఎత్తున తయారుచేసింది. 1914 ఫిబ్రవరిలో చార్లీ చాప్లిన్ తొలిచిత్రం ఆ సంస్థ నుంచే విడుదలైంది. 1917లో రాస్కో ఆర్బకిల్ పక్కన బస్టర్ కీటన్ తెరమీదికి వచ్చాడు. హాల్ రోచ్ సంస్థలో హెరాల్డ్ లాయిడ్, ఆ తరువాత 1927 నాటికి స్టాన్ లారెల్, ఆలివర్ హార్డీల జంట ప్రసిద్ధికెక్కారు. ఒక రీలు సుమారు 1000 అడుగులు; ఒకటి రెండు రీళ్ల చిత్రం పది నుంచి ఇరవై అయిదు నిమిషాల్లో ముగిసేది. ప్రదర్శనశాలలో ప్రధానచిత్రానికి ముందు ఆడే చిల్లరసరుకుగానే వీటిని అప్పటి వ్యాపారం చూసింది. 1927 తరువాత శబ్దచిత్రాలు రావడంతో ఈ ప్రక్రియ కొద్ది సంవత్సరాల్లోనే అంతరించింది.

‘స్లాప్‌స్టిక్’ అన్న పేరు ఒక పనిముట్టు నుంచి వచ్చింది. ఇటలీలోని కమేడియా దెల్లార్తే నటులు రెండు పలుచని చెక్కపలకలను ఒకచోట కలిపి కట్టిన కర్రను వాడేవారు. దానితో కొడితే పెద్ద చప్పుడు వస్తుంది, దెబ్బ మాత్రం అంతగా తగలదు. చప్పుడుకూ నొప్పికీ మధ్య ఉన్న ఈ ఎడమే ఈ హాస్యానికి మూలసూత్రం.

1. ప్రతులు, పాఠాంతరాలు

ఈ చిత్రాలను నేటి పరిశోధకుడు ‘కనుగొనడం’ అంటే మరచిపోయినదాన్ని గుర్తుచేసుకోవడం మాత్రమే కాదు. అది అక్షరాలా ప్రతుల అన్వేషణ. తాళపత్రాలతో పనిచేసిన శాఖకు ఈ సమస్యలు కొత్తవి కావు. మూకీ యుగపు నైట్రేటు ఫిల్ము త్వరగా మండుతుంది, కాలక్రమాన శిథిలమవుతుంది. ఆట ముగిసిన చిత్రానికి విలువ లేదనుకున్న రోజుల్లో ఎన్నో ప్రతులు నశించాయి. మిగిలినవి పేర్లు మారి, దృశ్యాలు తెగి, వేర్వేరు దేశాల్లో చెదిరిపోయాయి.

మూడు ఉదాహరణలు చాలు. చాప్లిన్ పోలీసువేషంలో కనిపించే ‘ఎ థీఫ్ క్యాచర్’ (1914) చాలాకాలం నష్టచిత్రంగా ఉండి, 2010లో మిషిగన్‌లో పాతవస్తువుల అమ్మకంలో దొరికిన రీలు వల్ల మళ్లీ వెలుగులోకి వచ్చింది. కీటన్ ‘ది బ్లాక్‌స్మిత్’ (1922)కు అప్పటివరకు ప్రచారంలో ఉన్న రూపానికి భిన్నమైన మరొక రూపాన్ని 2013లో అర్జెంటీనాలో ఫెర్నాండో పేన్యా గుర్తించాడు. లారెల్, హార్డీల ‘ది బ్యాటిల్ ఆఫ్ ది సెంచరీ’ (1927)లోని ప్రసిద్ధమైన మిఠాయిల యుద్ధం, 1957లో రాబర్ట్ యంగ్‌సన్ కూర్చిన సంకలనచిత్రంలోని ముక్కల ద్వారానే దశాబ్దాలపాటు తెలుసు; రెండో రీలు 2015లో బయటపడింది.

‘ది బ్లాక్‌స్మిత్’ విషయం పరిష్కర్తలను ప్రత్యేకంగా ఆకర్షిస్తుంది. అది లేఖకదోషం వల్ల ఏర్పడిన పాఠాంతరం కాదు, కర్తే మార్చి చేసిన రెండో కూర్పు. ఏది ప్రామాణికం అన్న ప్రశ్నకు ఇక్కడ ‘పాతదే మూలం’ అన్న సులభమైన జవాబు కుదరదు. చాప్లిన్ విషయంలో చిత్తుప్రతులు కూడా మిగిలాయి. ‘ది ఇమ్మిగ్రెంట్’ (1917) కోసం తీసి వదిలేసిన దృశ్యభాగాలను కెవిన్ బ్రౌన్‌లో, డేవిడ్ గిల్ 1983లో తమ ‘అన్‌నోన్ చాప్లిన్’ ధారావాహికలో వరుసక్రమంలో అమర్చి చూపారు. చిత్రంలో రెండో భాగమైన భోజనశాల దృశ్యాలను చాప్లిన్ ముందుగా తీశాడనీ, ఓడ మీది కథ తరువాత పుట్టిందనీ దానివల్ల తెలిసింది. అప్పటికప్పుడు తోచిన కుప్పిగంతులుగా కనిపించేదాని వెనుక ఎంత కొట్టివేత, ఎంత తిరగరాత ఉందో ఈ చిత్తుప్రతులు సాక్ష్యమిస్తాయి.

మరొక పాఠదోషం మన అభిప్రాయాన్నే చెడగొట్టింది. మూకీ యుగంలో కెమెరాను చేత్తో తిప్పేవారు. వేగానికి స్థిరమైన ప్రమాణం లేదు. శబ్దచిత్రాలతో సెకనుకు 24 చట్రాల వేగం స్థిరపడింది. అంతకంటె తక్కువ వేగంతో తీసిన చిత్రాలను ఆ కొత్త వేగంతో ఆడించినప్పుడు మనుషులు గిలగిల కొట్టుకుంటున్నట్టు కనిపించారు. హాస్యచిత్రాల్లో కొంత వేగాన్ని కర్తలే కోరి కల్పించిన మాట నిజం. అయితే వారు కోరిన వేగానికీ యంత్రం తెచ్చిపెట్టిన వేగానికీ భేదం ఉంది. ‘మూకీ హాస్యమంటే గిజగిజలాట’ అన్న భావన చాలావరకు ఈ చెడిన ప్రతులను చూసి ఏర్పడినది.

2. భరతుని విభజన: ఒక అపార్థం

శారీరక హాస్యాన్ని తక్కువచేసేవారికి నాట్యశాస్త్రంలోని ఆరు విధాల నవ్వు ఆధారంగా కనిపిస్తుంది. స్మిత హసితాలు ఉత్తములవి, విహసిత ఉపహసితాలు మధ్యములవి, అపహసిత అతిహసితాలు అధములవి అని భరతుడు చెప్పాడు. పెదవి కదలని చిరునవ్వు నుంచి, కన్నీరు కారుతూ పక్కలు పట్టుకునే నవ్వు వరకు ఇది ఒక మెట్లవరుస. దీన్నిబట్టి పగలబడి నవ్వించే రచన అధమం, చిరునవ్వు పూయించేది ఉత్తమం అని తేల్చడం సులువు.

కాని ఈ విభజన నవ్వే పాత్ర ప్రకృతిని బట్టి చేసినది. నవ్వించే క్రియను బట్టి చేసినది కాదు. రంగం మీద రాజు ఎలా నవ్వాలి, సేవకుడు ఎలా నవ్వాలి అన్నది నటుడికి చెప్పిన శిక్షణ. దాన్ని కృతుల తరతమభేదానికి కొలబద్దగా మార్చడం భరతుడు చేసిన పని కాదు. పైగా క్రియను బట్టి చేసిన విభజన ఆయన వేరుగానే చెప్పాడు. హాస్యం అంగం వల్ల, నేపథ్యం వల్ల, వాక్యం వల్ల పుట్టేదిగా మూడు విధాలు. ఈ మూడింటి మధ్య ఎక్కువతక్కువలు అక్కడ లేవు. వికృతవేషం, వికృతాలంకారం, ధార్ష్ట్యం, లౌల్యం, అసత్ప్రలాపం మొదలైన విభావాలు ఒకే వరుసలో కనిపిస్తాయి.

ఆసక్తికరమైన పోలిక ఒకటి ఉంది. 1949 సెప్టెంబరులో ‘లైఫ్’ పత్రికలో జేమ్స్ ఏజీ మూకీ హాస్యచిత్రాల మీద ప్రసిద్ధవ్యాసం రాశాడు. విస్మృతిలో పడిన కీటన్ వంటివారిపై మళ్లీ దృష్టి మళ్లించిన వ్యాసమది. ఆయన కూడా నవ్వుకు మెట్లు కట్టాడు. కిసుక్కుమనే నవ్వు అడుగుమెట్టు. ఊపిరాడకుండా చేసే నవ్వు పైమెట్టు. మంచి హాస్యఘట్టం ప్రేక్షకుణ్ణి ఒక్కొక్క మెట్టే ఎక్కిస్తుందని ఆయన భావం. భరతుని వరుసకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. నిజానికి రెండింటికీ విరోధం లేదు. ఒకటి పాత్ర నవ్వు గురించి, మరొకటి ప్రేక్షకుడి నవ్వు గురించి. ఈ భేదం గుర్తించకపోవడమే అపార్థానికి మూలం.

కీటన్ నటనను వివరించడానికి భరతుని మరో విభజన అక్కరకు వస్తుంది. తాను నవ్వేటప్పుడు హాస్యం ఆత్మస్థం, ఇతరులను నవ్వించేటప్పుడు పరస్థం. తన స్వతంత్ర చిత్రాల్లో కీటన్ ముఖం దాదాపు ఎన్నడూ నవ్వదు. ఇల్లు కూలుతున్నా, వందలమంది పోలీసులు తరుముతున్నా ఆ ముఖంలో ఒకే తదేకత. ఆత్మస్థాన్ని పూర్తిగా వదులుకుని పరస్థాన్ని ఎంత సాంద్రం చేయవచ్చో చూపిన నటుడతడు. ముఖం మూగవోయిన చోట నడక, మెడ వంపు, టోపీ సవరించుకునే తీరు భావవాహకాలవుతాయి.

3. గడియారం: కంటికి కనిపించే మాలారూపకం

చాప్లిన్ ‘ది పాన్‌షాప్’ (1916)లో తాకట్టు కొట్టు గుమాస్తా. ఒక బక్కపలచని మనిషి గంట కొట్టే గడియారం తెచ్చి బల్ల మీద పెడతాడు. దాని విలువ కట్టవలసిన గుమాస్తా ముందు స్టెతస్కోపు పెట్టి వింటాడు. వేళ్లతో తట్టి చూస్తాడు. అప్పటికి గడియారం రోగి. తరువాత డబ్బా మూత కోసే పనిముట్టుతో దాని వీపు తెరుస్తాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు. ఇప్పుడది పాచిపోయిన తిండి. లోపలి చుట్టను బయటికి లాగి బట్టల వర్తకుడు గుడ్డ కొలిచినట్టు కొలుస్తాడు. చివరికి విడిపోయిన ముక్కలన్నీ ఆ మనిషి టోపీలోకే ఊడ్చి, సరుకు పనికిరాదని తల అడ్డంగా ఊపుతాడు.

ఇందులో పడడం లేదు, పరుగు లేదు. జరిగినది వరుసగా ఒక వస్తువు మీద అనేక వస్తువుల ఆరోపం. ఆలంకారిక పరిభాషలో దీన్ని మాలారూపకమనడం సబబు. భ్రాంతిమదలంకారం కాదు, ఎందుకంటే గుమాస్తాకు భ్రాంతి లేదు. అది గడియారమని అతనికీ తెలుసు, యజమానికీ తెలుసు. తెలిసి చేసిన అభేదారోపమే ఇక్కడ చమత్కారం. ఒక్కొక్క ఉపమానానికి తగిన వృత్తిధర్మాన్ని – వైద్యుని శ్రద్ధను, వర్తకుని లెక్కను – శరీరం అంత నిక్కచ్చిగా పాటించడం వల్లనే ఆరోపం నిలుస్తుంది. కవి ‘ఇది అది’ అని చెప్పి సాధించేదాన్ని నటుడు చేతివేళ్లతో సాధించాడు.

దీనితో మరొక అర్థం కూడా ధ్వనిస్తుంది. తాకట్టు కొట్టులో ప్రతి వస్తువూ తన ఉపయోగాన్ని కోల్పోయి ధరగా మారుతుంది. సొమ్ము అవసరమైన మనిషి తెచ్చిన గడియారానికి పరీక్ష పేరిట జరిగిన మర్యాదలన్నీ దాన్ని నాశనం చేయడంలో ముగిశాయి. పరీక్షించేవాడి అధికారం, ఎదుటివాడి నిస్సహాయత – ఈ రెండూ మాట లేకుండానే స్పష్టమయ్యాయి. ఆంగికానికి వ్యంగ్యార్థం ఉండదన్న వాదానికి ఈ ఒక్క ఘట్టం చాలినంత సమాధానం.

4. ఇల్లు: ప్రతినాయకుడైన వస్తువు

కీటన్, ఎడ్వర్డ్ క్లైన్‌లు రూపొందించిన ‘వన్ వీక్’ (1920) కథ చిన్నది. కొత్త దంపతులకు పెళ్లికానుకగా ఇంటిస్థలం, విడిభాగాల ఇల్లు వస్తాయి. అంకెలు వేసిన పెట్టెల్లో భాగాలుంటాయి. సూచనల ప్రకారం కూర్చుకోవాలి. వధువు తిరస్కరించిన పాత ప్రియుడు పెట్టెల మీది అంకెలు మార్చేస్తాడు. తయారైన ఇంటికి గోడలు వంకర, తలుపు ఉండవలసిన చోట గోడ, గోడ ఉండవలసిన చోట తలుపు. క్యాలెండరు కాగితాలు ఒక్కొక్కటే చిరుగుతూ వారం గడుస్తుంది.

ఈ కల్పనకు వాస్తవమైన పునాది ఉంది. సియర్స్ సంస్థ 1908 నుంచి అమెరికాలో ఇళ్ల భాగాలను జాబితా పుస్తకం ద్వారా అమ్మింది. ‘సూచనలు పాటిస్తే ఎవరైనా ఇల్లు కట్టుకోగలరు’ అన్నది ఆ కాలపు వాగ్దానం. చిత్రంలోని దంపతులు సూచనలను ఎక్కడా ఉల్లంఘించరు. తప్పు వారి తెలివిలో లేదు, వారు నమ్మిన అంకెల్లో ఉంది.

జీవంలో యాంత్రికత చొరబడినప్పుడు నవ్వు పుడుతుందని హెన్రీ బెర్గ్సన్ 1900లో ప్రతిపాదించాడు. ఈ చిత్రానికి ఆ సిద్ధాంతం సగమే సరిపోతుంది. ఇక్కడ మనిషి యంత్రం కాలేదు. వస్తువే ప్రాణం పోసుకుంది. గాలివానలో ఇల్లు రంగులరాట్నంలా గిర్రున తిరుగుతూ అతిథులను బయటికి విసిరేస్తుంది. మనిషేమో దాని లయను కనిపెట్టి, తలుపు తన ఎదుటికి వచ్చే క్షణం కోసం కాచుకుని దూకాలని చూస్తాడు. నాట్యశాస్త్రంలో రంగవస్తువు ఆహార్యంలో భాగం, నటుడికి అనుబంధం. ఇక్కడ ఆహార్యం తిరగబడి ప్రతినాయకస్థానం ఆక్రమించింది. భరతుని వర్గీకరణ చాలని చోటు ఇదే. ఇటువంటి వస్తుకృత హాస్యానికి అంగ, నేపథ్య, వాక్యాల పక్కన మరొక గది కావాలి.

మరొక కొత్త అంశం కెమెరా చట్రం. స్నానం చేస్తున్న వధువు చేతిలోంచి సబ్బు కింద పడుతుంది. దాన్ని అందుకోవాలంటే లేవాలి. ఆమె ప్రేక్షకుల వైపు చూస్తుంది. ఒక అరచేయి వచ్చి కెమెరా కంటిని మూసేస్తుంది. సూత్రధారుడు రంగం మీదికి వచ్చి ప్రేక్షకులతో మాట్లాడే సంప్రదాయం తెలిసినవారికి ఈ చమత్కారం అపరిచితం కాదు. కాని ఇక్కడ సూత్రధారునికి ముఖం లేదు, ఒక చేయి మాత్రమే ఉంది.

ముగింపులో ఇల్లు తప్పు స్థలంలో కట్టారని తెలుస్తుంది. రైలుపట్టాలు దాటించి లాగుతుండగా సరిగ్గా పట్టాల మీద ఇరుక్కుంటుంది. రైలు దూసుకువస్తుంది. దంపతులు కళ్లు మూసుకుంటారు. రైలు పక్కపట్టా మీదుగా వెళ్లిపోతుంది. ఊపిరి పీల్చుకున్న మరుక్షణం ఎదురుదిక్కు నుంచి మరో రైలు వచ్చి ఇంటిని తుత్తునియలు చేస్తుంది. అతడు శిథిలాల మీద ‘అమ్మకానికి’ అన్న పలక పెట్టి, దానికి సూచనల కాగితం కూడా జతచేసి, భార్య చేయి పట్టుకుని నడిచిపోతాడు. ఆ కాగితం జతచేయడంలోనే చిత్రం సారమంతా ఉంది. అతనికి కోపం లేదు, జరిగిన మోసం తెలియనూ తెలియదు. తరువాతివారికి పనికివస్తుందన్న మర్యాద మాత్రం ఉంది. కూలినది ఇల్లు, కాపురం కూలలేదు.

తిరిగే ఇల్లు, ఢీకొన్న రైలు నమూనాబొమ్మలు కావు, నిజమైనవి. తెరిస్తే శూన్యంలోకి దారితీసే పైఅంతస్తు తలుపులోంచి పడిన కీటన్ చేతులు వాచిపోయాయి. పాత్రకు తగలని దెబ్బ నటుడికి తగిలింది. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు ఎన్ని దెబ్బలు తిన్నా చెక్కుచెదరరు. అది తోలుకు సహజం. రక్తమాంసాల దేహం బొమ్మకున్న ఆ అభయాన్ని నటించి చూపడం సాధనతో గాని సాధ్యం కాదు. ఈ సాధనను ‘మోటు’ అన్న మాట పట్టుకోలేదు.

5. వంతుల వారీ విధ్వంసం: హాస్య రౌద్రాల సరిహద్దు

అంగ, నేపథ్య, వాక్యాల త్రివిధ విభజనను భరతుడు హాస్యానికి ఒక్కదానికే చెప్పలేదు. ఒకే శ్వాసలో హాస్య రౌద్రాలు రెండింటికీ చెప్పాడు. ఈ జోడింపు మీద తగినంత చర్చ జరగవలసి ఉంది. కొట్టడం, విరగ్గొట్టడం, వికృతమైన అంగవిక్షేపం – ఇవి రెండు రసాలకూ ఉమ్మడి సరుకులు. అయితే ఒకే క్రియ ఒకచోట రౌద్రంగానూ మరొకచోట హాస్యంగానూ ఎందుకు పరిణమిస్తుంది?

జేమ్స్ హార్న్ దర్శకత్వంలో లియో మెక్‌కేరీ పర్యవేక్షణలో వచ్చిన ‘బిగ్ బిజినెస్’ (1929) ఈ ప్రశ్నకు ప్రయోగశాల వంటిది. లారెల్, హార్డీలు కాలిఫోర్నియా ఎండలో ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ చెట్లు అమ్ముతుంటారు. జేమ్స్ ఫిన్లేసన్ పోషించిన గృహస్థు వద్దంటాడు. తలుపు మూసేసరికి చెట్టుకొమ్మ సందులో ఇరుక్కుంటుంది. మళ్లీ గంట కొడతారు, మళ్లీ ఇరుక్కుంటుంది. విసిగిన గృహస్థు కత్తెరతో చెట్టును ముక్కలు చేస్తాడు. అక్కడి నుంచి వారు అతని ఇంటినీ, అతడు వారి కారునూ భాగాలు భాగాలుగా నాశనం చేస్తారు.

ఈ చిత్రంలో నవ్వు పుట్టించేది విధ్వంసం కాదు, దాని మర్యాద. ఒకరు విరగ్గొడుతుంటే మరొకరు అడ్డుకోరు. నిలబడి ఆసాంతం చూస్తారు; జరిగిన నష్టాన్ని అంచనా వేసుకుంటారు; తరువాత తమ వంతు తీసుకుంటారు. అవధానంలో పృచ్ఛకుని సమస్య పూర్తయ్యేదాకా అవధాని ఆగినట్టు, ఇక్కడ కోపం తన వంతు కోసం ఆగుతుంది. రౌద్రానికి స్థాయి క్రోధం. క్రోధానికి ఆగడం తెలియదు. ఆగిన క్రోధం రౌద్రంగా పరిపుష్టం కాలేదు. ఆంగికం రౌద్రానిది, కాలగతి మాత్రం సభామర్యాదది. ఈ పొసగనితనమే హాస్యానికి విభావం.

పక్కనే కారులో కూర్చున్న పోలీసు జరిగేదంతా చిన్నపుస్తకంలో రాసుకుంటుంటాడు. చట్టం కూడా ఆపదు, నమోదు చేస్తుంది. గుమిగూడిన జనం ఇటు జరిగితే ఇటు, అటు జరిగితే అటు కదులుతారు. చివరికి పోలీసు నిలదీయగానే వారు ఏడుస్తారు. వారిని చూసి గృహస్థు, జనం, పోలీసు అందరూ ఏడుస్తారు. ప్రేక్షకుడు కరుణ వైపు మొగ్గేలోగా, సంధికి గుర్తుగా ఇచ్చిన చుట్ట పేలుతుంది. మూకీ లఘుచిత్రమంటే వేగమన్న భావనకు ఈ చిత్రం ప్రత్యుదాహరణ. కీస్టోన్ నాటి పరుగు ఇక్కడ నిదానమైంది; ఆ నిదానంలోనే నవ్వు పెరిగింది.

6. దెబ్బ ఎవరికి?

ఆంగికానికి స్వతంత్రమైన కళాత్మకత ఉందని నిరూపించినంతమాత్రాన ప్రతి చిత్రమూ సమర్థనీయం కాదు. ఈ హాస్యంలో దెబ్బ ఎవరికి తగులుతోందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

‘ది ఇమ్మిగ్రెంట్’ ఆరంభంలో చార్లీ ఓడ కమ్మీ మీద వంగి కనిపిస్తాడు, భుజాలు కుదిలిపోతుంటాయి. సముద్రప్రయాణం పడక వాంతి చేసుకుంటున్నాడని అనుకుంటాము. అతడు తిరిగేసరికి చేతిలో గాలానికి చిక్కిన చేప. వలసవచ్చిన పేదవాణ్ణి చూసి ప్రేక్షకుడు తొందరపడి చేసుకున్న ఊహే ఇక్కడ హాస్యాస్పదమైంది. కొంతసేపటికి స్వాతంత్ర్య దేవత విగ్రహం కనిపిస్తుంది. అందరూ ఆశగా చూస్తుండగానే అధికారులు ఒక తాడుతో వారిని పశువులమందలా ఒకవైపు నెట్టి కడతారు. చార్లీ మరొకసారి విగ్రహం వైపు చూస్తాడు. వ్యాఖ్య అంతే. భోజనశాలలో పది సెంట్లు తక్కువైన మనిషిని సేవకులు చితకబాదుతారు; అది చూసిన చార్లీ తన జేబులోని నాణెం కోసం తడుముకుంటాడు. జేబుకు చిల్లు. ఇక్కడి నవ్వుకు ప్రతి అడుగులోనూ భయం తోడుంది. దెబ్బలు కొట్టేది బలవంతుడు; కథ నిలిచేది తప్పించుకునేవాడి పక్షాన.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణలూ తక్కువ కావు. కీటన్ ‘ది ప్లేహౌస్’ (1921)లో కెమెరా కంటిని భాగాలుగా మూసి ఒకే ఫిల్మును మళ్లీ మళ్లీ తిప్పుతూ, రంగం మీద ఒకేసారి తొమ్మిదిమంది కీటన్‌లను చూపారు. సాంకేతికంగా అది అద్భుతం. కాని ఆ తొమ్మిదిమంది ముఖానికి నల్లరంగు పూసుకుని నల్లజాతివారిని వెక్కిరించే ప్రదర్శనలోని నటులు. వికృతవేషాన్ని విభావంగా చెప్పిన శాస్త్రం ఎవరి వేషాన్ని ఎవరు వికృతం చేస్తున్నారని అడగలేదు. నేటి విమర్శ అడగక తప్పదు. అలాగే 1914 నాటికే కీస్టోన్‌లో నటించడమే కాక దర్శకత్వం కూడా వహించిన మేబెల్ నార్మండ్ పేరు ఈ ప్రక్రియ చరిత్రలో అంచుల్లోనే ఉండిపోయింది. ఏజీ ఎన్నుకున్న నలుగురు ఆచార్యులు – చాప్లిన్, కీటన్, లాయిడ్, హారీ లాంగ్డన్ – అందరూ పురుషులే. నశించిన ప్రతులతో పాటు, మిగిలి ఉన్నా పట్టించుకోని ప్రతులు కూడా ఉంటాయని దీనివల్ల తెలుస్తుంది.

ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని అంశాలు తేలుతున్నాయి. మొదటిది, అంగహాస్యాన్ని అధమమనడానికి నాట్యశాస్త్రం ఆధారం కాదు; పాత్రల నవ్వుకు చేసిన విభజనను కృతులకు అంటగట్టడం వల్ల ఆ అభిప్రాయం బలపడింది. రెండవది, ఆంగికం ఆరోపాన్ని, ధ్వనిని, వ్యాఖ్యను మాట సాయం లేకుండా నిర్వహించగలదు. మూడవది, హాస్య రౌద్రాలకు ఉమ్మడిగా ఉన్న క్రియను వేరుచేసేది కాలగతి. నాలుగవది, ప్రాణం పోసుకున్న వస్తువు, దాచి చూపే కెమెరా చట్రం – ఈ రెండింటికీ ప్రాచీన వర్గీకరణలో చోటు లేదు. అంతా మన శాస్త్రాల్లోనే ఉందని చెప్పడానికి భరతుణ్ణి ఇక్కడికి తీసుకురాలేదు. పాత పనిముట్టు కొత్త సరుకు మీద ఎక్కడ పట్టు చిక్కించుకుంటుందో, ఎక్కడ జారుతుందో చూడడమే ఉద్దేశం.

ఈ పరిశీలన తెలుగు పరిశోధనకు ఒక పని చూపుతుంది. ప్రహసనాల్లో సంభాషణల మధ్య కుండలీకరణాల్లో ఉండే రంగసూచనలు, పగటివేషగాళ్ల నడకలు, తోలుబొమ్మలాటలోని కొట్లాటలు ఇన్నాళ్లూ మాటకు అనుబంధాలుగానే లెక్కకు వచ్చాయి. ‘బారిస్టర్ పార్వతీశం’లోని వేషం, ప్రయాణపు సామాను, తడబాట్లు సైతం కథకుని మాటల వెనుక దాగిన అంగ, నేపథ్య హాస్యాలే. వాటిని ఆంగికం దృష్టితో మళ్లీ చదివితే, మనం చదివామనుకున్న గ్రంథాల్లోనే చూడని పాఠాలు బయటపడే అవకాశం ఉంది. ప్రదర్శనలో మాత్రమే బతికే రూపాలకు ఆ పఠనం త్వరగా జరగాలి. మూకీ చిత్రాలకు ఏదో ఒక అటకమీద రీలు మిగిలింది. ఆట మానేసిన కళాకారుని నడకకు ఆ పాటి ప్రతి కూడా ఉండదు.